ఏప్రిల్ చివర్లో హై ఐలండ్ పక్షియాత్ర: మా ప్రణాళిక సరిగా ఉందా?

ఫ్రిస్కో పిచ్చుక

నమస్కారం. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఏప్రిల్ చివరి వారాంతంలో నలుగురం కారులో టెక్సస్ తీరానికి వెళ్తున్నాం, వసంతంలో ఉత్తరానికి పోయే వలస పక్షులను చూడటానికి. నేను, ఇద్దరు స్నేహితులు, మా నాన్న. ఆ స్నేహితులిద్దరికీ పక్షి అంటే పళ్లెంలో ఉండేదే. మూడు నెలలుగా నస పెట్టి ఒప్పించాను.

నాన్న సంగతి వేరు. మాది గుంటూరు దగ్గర, ఉప్పలపాడు పక్క ఊరు. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆ చెరువు గట్టుకు తీసుకెళ్లి, తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూపించేవారు. ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి కిటికీలోంచి పక్కింటి కంచె చూస్తూ గడుపుతున్నారు. వయసు 68, మోకాళ్ల నొప్పి, అర కిలోమీటరు మించి నడవలేరు.

ప్రణాళిక ఇది. శుక్రవారం రాత్రికి హ్యూస్టన్. శనివారం ఉదయం 6 నుంచి 10 వరకు హై ఐలండ్. 10:30 నుంచి 12:30 వరకు అనవాక్ అభయారణ్యం. 1:30కి బొలివర్ తీరం. 4 గంటలకు ఫెర్రీ, రాత్రి గాల్వెస్టన్‌లో బస. ఆదివారం ఉదయం బ్రజోస్ బెండ్ పార్కు చూసుకుని ఇంటికి. నలుగురికీ కలిపి ఒక్క మంచి బైనాక్యులర్ ఉంది. ఇందులో ఏమైనా వదిలేశామా?

వానకోయిల

ఏదీ వదల్లేదు, అదే ఇబ్బంది. మీ ప్రణాళిక చదువుతుంటే తిరుమల క్యూలో "జరగండి, జరగండి" అనే గొంతు వినిపించింది.

నేను హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను, ఆసుపత్రి ల్యాబులో పని. 2018 నుంచి, కరోనా ఏడాది తప్పించి, ప్రతి ఏప్రిల్‌లో మేం నలుగురు ఆడవాళ్లం ఒక పాత మినీవ్యాన్‌లో హై ఐలండ్ వెళ్తాం. మావారు రారు, ఆయనకు దోమలంటే భయం. ఆ భయంలో అర్థం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీరు మార్చవలసింది ఉదయం 6 గంటల ముహూర్తం. పక్షులంటే తెల్లవారుజామున చూడాలని అందరం అనుకుంటాం, మన ఊళ్లో అది నిజం కూడా. హై ఐలండ్ లెక్క వేరు. ఈ పిట్టలు మెక్సికోలోని యుకతాన్ తీరంలో చీకటి పడ్డాక ఎగురుతాయి. గల్ఫ్ అంటే ఇక్కడ మెక్సికో సింధుశాఖ, దాని మీదుగా దాదాపు 600 మైళ్లు, దిగడానికి కొమ్మ లేదు, తాగడానికి మంచినీళ్లు లేవు. రాత్రంతా ఎగిరి, మర్నాడు మధ్యాహ్నానికి ఇటు తేలుతాయి. మీరు 10 గంటలకు కారెక్కి వెళ్లిపోతే, బస్సు రాకముందే బస్టాండు నుంచి తిరిగొచ్చినట్టు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను. మొదటి ఏడాది మేమూ 6 గంటలకే వెళ్లాం. 11 వరకు రెండు కార్డినళ్లు, ఒక నీలి జే. ఆ రెండూ మా పెరట్లోనే ఉంటాయి. పులిహోర అంతా 9 గంటలకే అయిపోయింది. విసుగొచ్చి గాల్వెస్టన్ వెళ్లి సముద్రం చూసుకుంటూ కూర్చున్నాం. ఒంటిగంటకు వాన పట్టింది. "మంచి పని చేశాం, తడిసిపోయేవాళ్లం" అనుకున్నాం. ఆ వానలోనే హై ఐలండ్‌లో చెట్టు చెట్టుకూ పిట్టలు రాలాయని మర్నాడు తెలిసింది. వారం రోజులు మాలో మాకు మాటల్లేవు.

వాన సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, అసలు గుట్టు ఇక్కడే ఉంది. దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తుంటే పిట్టలు హాయిగా వస్తాయి, తీరం చూసి కూడా ఆగవు, నేరుగా లోపలి అడవుల దాకా పోతాయి. ఆ రోజు హై ఐలండ్ చెట్ల తోపులో మీకు దోమలే మిగులుతాయి. గల్ఫ్ మధ్యలో ఉండగా ఉత్తరపు గాలి, వాన ఎదురైతే మాత్రం వాటి ఒంట్లో ఉన్న కాస్త కొవ్వూ కరిగిపోతుంది. నేల కనపడగానే మొదటి చెట్టు మీద పడతాయి. ఆ తీరమంతా గడ్డి, ఉప్పు చిత్తడి, చెట్టన్నది అరుదు. హై ఐలండ్ మాత్రం భూమి అడుగున ఉన్న పెద్ద ఉప్పుగడ్డ పైకి నెట్టడం వల్ల 30 అడుగుల పైచిలుకు ఎత్తుకు లేచిన మెట్ట, దాని మీద ఓక్ చెట్ల తోపులు. పేరుకే దీవి, చుట్టూ నీళ్లు లేవు. పైనుంచి చూసే పిట్టకు మాత్రం దీవే. అలా పడటాన్ని ఇక్కడివాళ్లు ఫాలౌట్ అంటారు. మేం పిట్టలవాన అంటాం.

అది మాకు మూడోసారి వెళ్లినప్పుడు దొరికింది. ఒంటిగంటన్నరకు వాన దంచింది, వ్యాన్‌లో కూర్చున్నాం. 2:15కి తెరిపి ఇచ్చింది. మా స్నేహితురాలు తలుపు జరిపి కాలు కింద పెట్టబోయి ఆగిపోయింది. టైరు పక్కన తడి గడ్డిలో ఎవరో నారింజ తొక్క పారేశారనుకుంది. అది కదిలింది. బాల్టిమోర్ ఓరియోల్ మగ పిట్ట, రెక్కలు ఒంటికి అంటుకుపోయి, ముక్కు కొద్దిగా తెరిచి, మమ్మల్ని చూస్తూనే ఉంది, ఎగరలేదు. దాని వెనక సిరాబుడ్డి ఒలికినట్టు ఇండిగో బంటింగులు ఏడో ఎనిమిదో, నేల మీదే గింజలు ఏరుకుంటున్నాయి. మల్బరీ చెట్టు మీద స్కార్లెట్ టానేజర్లు, ఒక కొమ్మకు నాలుగు. ఆ ఎరుపు ఎలా చెప్పాలో తెలియదు, కొత్త పెళ్లికూతురి పారాణి ఆరకముందు ఉండే ఎరుపు.

మా స్నేహితురాలు బూటు కదపకుండా పదినిమిషాలు అలాగే నిలబడింది. ఒక మాగ్నోలియా వార్బ్లర్ గడ్డిలో గెంతుతూ వచ్చి, ఆమె బూటు లేసు మీద వాలిన పురుగును అందుకుని, మళ్లీ గెంతుతూ పోయింది. పసుపు పొట్ట, దాని మీద నల్లటి చారలు, తడికి ముళ్లలా నిక్కిన తల ఈకలు. మన పాత లావు అయిదు రూపాయల బిళ్ల గుర్తుందా? ఈ పిట్ట బరువు అంతే. సముద్రం దాటి వచ్చింది.

మేం పండగ చేసుకున్నాం. కాసేపటికి ఒక వలంటీరు, తల నెరిసిన ఆవిడ, వచ్చి దారి దిగవద్దని మెల్లగా చెప్పింది. ఇప్పుడు వాటికి తిండి తప్ప ఇంకేదీ వద్దు, ఒక్కసారి లేపితే ఆ కాస్త శక్తీ వృథా అని. అప్పటిదాకా నాకు తట్టనేలేదు, మేం సంబరపడుతున్నది వాటి గండానికని. అయినా ఏటా ఏప్రిల్‌లో వాతావరణం చూసేటప్పుడు ఉత్తరపు గాలి ఉందా అనే వెతుకుతాను. ఈ గుణం మారలేదు.

ఇక మీ దారి. శుక్రవారం రాత్రి హ్యూస్టన్‌లో కాదు, 10వ నంబరు రహదారి మీద ఇంకో 60 మైళ్లు ముందుకు వెళ్లి విన్నీలో ఆగండి. ఏప్రిల్‌లో మోటళ్లు నిండిపోతాయి, గది ఇప్పుడే బుక్ చేసుకోండి. శనివారం ఉదయం అనవాక్. షొవెలర్ చెరువు చుట్టూ రెండున్నర మైళ్ల కారు దారి ఉంది, నాన్నగారు కిటికీలోంచే చూడవచ్చు. ఊదా రంగు గాలిన్యూల్ కోసం చూడండి. మన చెరువుల నీటికోడికి చుట్టం, పట్టుచీర కట్టుకుని వచ్చినట్టు ఉంటుంది. రెల్లు అంచుల్లో చిట్టి కొంగ ఉంటుంది, లీస్ట్ బిటర్న్, ఓపిక ఉంటే కనబడుతుంది. మొసళ్లుంటాయి, గట్టు అంచుకు వెళ్లకండి.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చీకటిపడే వరకు హై ఐలండ్‌లోనే. బాయ్ స్కౌట్ వుడ్స్‌లో చిన్న కుంట ముందు మెట్ల బెంచీలు కట్టి ఉంటాయి. గొట్టంలోంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటాయి. ఉప్పుగాలిలో వచ్చిన పిట్టకు ఆ చప్పుడు చాలు. అక్కడ కూర్చోండి, తిరగకండి. తిరిగేవాడి కంటే కూర్చున్నవాడికే ఎక్కువ కనబడతాయి. ఈ వనాలు హ్యూస్టన్ ఆడుబాన్ అనే పక్షి సంరక్షణ సంస్థవి, లోపలికి వెళ్లడానికి పాసు కొనాలి. ఫోనులో పాట వినిపించి పిట్టను పిలవడం మాత్రం చేయకండి.

నాన్నగారి కోసం ఒక మాట. అదే ఊళ్లో ఒక మైలు దూరంలో స్మిత్ ఓక్స్ ఉంది. అక్కడి చెరువు మధ్య లంకల మీద కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చెట్ల నడుమ ఎత్తుగా కట్టిన నడకవంతెన ఉంది, మెట్లు లేవు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పెద్ద తెల్లకొంగలు, నీటికాకులు, గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు. ఆ పెద్ద తెల్లకొంగ ఉప్పలపాడులో కనిపించే జాతే. చుట్టూ నీళ్లలో మొసళ్లు కాపలా, అందుకే గూళ్లు దోచే రకూన్లు అనే జంతువులు అక్కడి దాకా ఈదలేవు. అప్పుడప్పుడు కిందపడిన పిల్లను ఆ కాపలాదారే మింగుతాడనుకోండి, అది జీతం.

ఆదివారం బొలివర్ తీరం, తర్వాత ఫెర్రీ. ఫెర్రీ ఉచితం, కారుతో సహా ఎక్కించుకుంటారు, ఇరవై నిమిషాల లోపే ప్రయాణం. అటు గాల్వెస్టన్‌లో మొదలయ్యే 45వ నంబరు రహదారి మిమ్మల్ని నేరుగా డల్లాస్ చేరుస్తుంది. బ్రజోస్ బెండ్ ఎక్కడికీ పోదు, ఇంకోసారి చూడండి. బొలివర్‌లో కారు గట్టి ఇసుక మీదే ఆపండి, తీరంలో ఆపడానికి అనుమతి చీటీ కూడా కావాలి. మా వ్యాన్ ఒకసారి ఇరుసు దాకా దిగబడింది. పికప్‌లో వచ్చిన ఒక చేపల వేటగాడు తాడు కట్టి లాగాడు. డబ్బు పుచ్చుకోలేదు, మా జంతికల డబ్బా మాత్రం పుచ్చుకున్నాడు.

దోమలు: పొడుగు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు. డీట్ అనే దోమలను తరిమే రసాయనం ఉన్న మందు రాసుకున్నాక అరచేతులు తుడుచుకుని బైనాక్యులర్ పట్టుకోండి. అది ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తుంది. నా మొదటి బైనాక్యులర్ మీద ఇప్పటికీ నా బొటనవేలి ముద్ర ఉంది.

గూడబాతు

బోమాంట్ నుంచి. వానకోయిల గారు అనుభవజ్ఞురాలు, కాదనను. కానీ "ఉదయం దండగ" అన్న మాటతో పేచీ ఉంది. ముందురోజు సాయంత్రం దిగిన పిట్టలు చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆగి తింటాయి. వాన పడిన మర్నాడు తెల్లవారగానే వెళ్లి చూడండి, ఎండ తగిలిన వైపు ఆకులన్నీ కదులుతుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం ఉత్తరపు గాలి వచ్చిందని తెలిస్తే శనివారం ఉదయం అనవాక్ మానేసి తోపుకే వెళ్లండి.

బయలుదేరే ముందు బర్డ్‌కాస్ట్ సైటు చూడండి. వాతావరణ రాడార్ల మీద పడే పక్షుల గుంపులను లెక్కగట్టి, ఏ రాత్రి ఎన్ని ఎగురుతున్నాయో చెబుతుంది. తీరం దగ్గరి రాడార్‌లో మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి చుక్కలు చుక్కలుగా ఒక మబ్బు వస్తుంది. వాన కాదు, అవే.

హై ఐలండ్‌లో జనం ఎక్కువ. నాకు సబీన్ పాస్ దగ్గరి సబీన్ వుడ్స్ ఇష్టం. చిన్న తోపే, అవే పిట్టలు, సగం మంది మనుషులు. మోకాళ్ల నొప్పికి మాత్రం స్మిత్ ఓక్స్ సరైనది.

వాతావరణం గురించి ఆవిడ చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. 2017 మేలో ఒక గాలివాన రాత్రి, గాల్వెస్టన్‌లో దీపాలు వెలుగుతున్న ఒక ఎత్తైన భవనానికి కొట్టుకుని దాదాపు 400 పిట్టలు చచ్చిపోయాయి. వార్బ్లర్లు, ఓరియోల్‌లు, అన్నీ ఇవే. తర్వాత ఆ భవనం వాళ్లు వలస కాలంలో రాత్రి దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. మోటల్ గదిలో వరండా దీపం మీరూ ఆర్పేయండి. పోయేదేమీ లేదు.

వానకోయిల

గూడబాతు గారూ, వాన మర్నాటి ఉదయం విషయం ఒప్పుకుంటున్నాను. నేను "దండగ" అన్న మాట వాడలేదు, కానీ మొదటి ఏడాది కడుపుమంట ఇంకా ఆరలేదని అర్థమై ఉంటుంది. సబీన్ వుడ్స్‌కు మేమూ ఒకసారి వెళ్లాం. పిట్టలు సరే, దోమలకు మాత్రం మనుషులు తక్కువైతే మన వాటా పెరుగుతుంది.

ఎర్రజొన్న

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నలుగురికి ఒక్క బైనాక్యులర్ అన్నారు. దానికి ఎవరూ జవాబివ్వలేదు. నేనూ అదే స్థితిలో ఉన్నాను, 10 రెట్లు పెద్దగా చూపేది కొనాలా, 8 రెట్లదా?

వానకోయిల

8. దాని మీద 8x42 అని రాసి ఉంటుంది, 8 అంటే ఎన్ని రెట్లు, 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లది చేతిలో వణుకుతుంది, ఒకేసారి కనబడే వెడల్పు తగ్గుతుంది, ఆకుల్లో గెంతే పిట్టను అందులో వెతికేలోపు అది కెనడా చేరుతుంది. ఫ్రిస్కో పిచ్చుక గారూ, ఇంకొకటైనా అరువు తెచ్చుకోండి. ఒక్కటే ఉంటే అది చేతులు మారే లోపు పిట్ట ఉండదు, స్నేహమూ ఉండదు.

ఫ్రిస్కో పిచ్చుక

అందరికీ ధన్యవాదాలు. విన్నీలో గది చివరిది దొరికింది. ఆఫీసులో ఒకరి దగ్గర రెండో బైనాక్యులర్ అరువు తెచ్చాను. వెళ్లొచ్చి చెబుతాను.

ఫ్రిస్కో పిచ్చుక

వెళ్లొచ్చాం. ముందే చెబుతున్నాను, పిట్టలవాన లేదు. రెండు రోజులూ దక్షిణపు గాలి, టోపీ ఎగిరిపోయేంత. బర్డ్‌కాస్ట్ చూస్తే లక్షల్లో పిట్టలు మా నెత్తిమీదుగా పోతున్నాయి. తోపులో మేం మూడు గంటలు కూర్చుంటే తొమ్మిది రకాలు. మొదటి గంట తర్వాత స్నేహితుల్లో ఒకడు ఫోను తీశాడు. రెండోవాడు నిద్రపోయాడు.

అప్పుడు కుంట అంచున పడిన కొమ్మ మీదికి ఒక ప్రోథోనోటరీ వార్బ్లర్ దిగింది. ఒక్కటే. గుడ్డు పచ్చసొన రంగు తల, నీలిబూడిద రెక్కలు, నల్ల పూసల్లాంటి కళ్లు. నీళ్ల దగ్గరికి వంగి, దాని నీడను అదే చూసుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, మూడుసార్లు ముంచి విదిల్చింది. ఫోను వాడు ఫోను ఒళ్లో పెట్టేసి, "దీని పేరేమిటి?" అన్నాడు. గుసగుసగా అన్నాడు! వాడు జన్మలో గుసగుసగా మాట్లాడటం నేను వినలేదు. ఆ తర్వాత బైనాక్యులర్ నా చేతికి రాలేదు. నిద్రపోయినవాడు ఇప్పటికీ నమ్మడం లేదు.

నాన్నను శనివారం 4 గంటలకు స్మిత్ ఓక్స్ తీసుకెళ్లాం. అరగంట అనుకున్నాం. ఆయన చెరువు ఎదురుగా బెంచీ మీద కూర్చుని, "తుమ్మచెట్లు లేవు గానీ, అదే వాసన" అన్నారు. నిజమే, రెట్ట, చేప, చెరువు బురద కలిసిన వాసన. నాకు సైకిలు కడ్డీ గుర్తొచ్చింది. చీకటిపడే దాకా లేవలేదు. మరుసటి రోజు ఉదయం బొలివర్ వదిలేసి మళ్లీ అక్కడికే వెళ్దామన్నారు, వెళ్లాం. ఊళ్లో ఆయన స్నేహితుడికి వీడియో కాల్ చేసి తెడ్డుమూతి కొంగలను చూపించారు. ఆయన అటు నుంచి, "సినిమా షూటింగా? రంగు ఎవరు పూశారు?" అని అడిగారు. నాన్న ఆ ప్రశ్న నాకు బదిలీ చేశారు. నేను మీకు చేస్తున్నాను.

వానకోయిల

తొమ్మిది రకాలతో తిరిగొచ్చి ఇంత సంతోషంగా రాసినవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను. దక్షిణపు గాలి అంటే అవన్నీ క్షేమంగా దాటిపోయినట్టు. నాకు మీ మీద జాలి, వాటి విషయంలో సంతోషం.

రంగు తిండిలోంచి వస్తుంది. ఆ కొంగలు తినే చిన్న రొయ్యల్లాంటి జీవాల్లో కెరోటినాయిడ్లు అనే ఎర్రటి పదార్థాలు ఉంటాయి, అవే ఈకల్లో చేరతాయి. పిల్లలు లేత గులాబీలో ఉంటాయి, పెద్దయ్యేకొద్దీ ముదురుతుంది.

ఫ్రిస్కో పిచ్చుక

నాన్నకు చదివి వినిపించాను. రెండు నిమిషాలు ఆలోచించి అన్నారు: "ఆ లెక్కన భీమవరం వాళ్లు ఏ రంగులో ఉండాలి?"